జపనీస్ సినిమా చరిత్ర, ఆకర్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

జపనీస్ సినిమాలు కొత్తగా చూస్తున్నవారికీ, ఎప్పటినుంచో చూడాలనుకుంటూ వాయిదా వేస్తున్నవారికీ కలిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎందుకంత నెమ్మదిగా నడుస్తాయి, దర్శకుడు కురొసావా తప్ప ఇంకెవరున్నారు అనే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల వాటికి సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చడం జరిగింది. ఏ సమాధానానికి ఆ సమాధానం పూర్తిగా ఉంటుంది కనుక కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

జపనీస్ సినిమా అంటే మేధావుల సినిమా కదా, మామూలు ప్రేక్షకులకు నచ్చుతుందా?

తప్పకుండా నచ్చుతుంది. మనం ఈరోజు కళాఖండాలుగా చెప్పుకొనే జపనీస్ చిత్రాల్లో ఎక్కువ భాగం షోచికు, తోహో, దైయీ వంటి పెద్ద స్టూడియోలు టికెట్టు కొనే ప్రేక్షకుల కోసం, పేరున్న తారలతో, విడుదల తేదీ ముందే నిర్ణయించుకుని తీసినవి. యసుజిరో ఓజు కుటుంబ కథలకు కుటుంబాలు కలిసి వచ్చేవి, అకిరా కురొసావా కత్తియుద్ధాలకు జనం బారులు తీరేవారు. విదేశీ చలనచిత్రోత్సవాల్లో బహుమతులు వచ్చాక వీటికి గంభీరమైన పేరు స్థిరపడిందే తప్ప, వాటిని తీసినవారు పండితుల కోసం తీయలేదు. జపనీస్ సినిమా ఆకర్షణ అంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది: వ్యాపారం కోసం తీస్తున్న సినిమాలోనే మామూలు మనుషుల మాటనీ, మౌనాన్నీ, పనిపాటల్నీ అంత శ్రద్ధగా గమనించే తీరిక ఆ పరిశ్రమ తన దర్శకులకు ఇవ్వగలిగింది.

ముందుగా ఏ సినిమా చూడాలి?

నన్నడిగితే 1952లో వచ్చిన కురొసావా ‘ఇకిరు’తో మొదలుపెట్టమంటాను. ముప్పై ఏళ్లుగా కాగితాల మీద ముద్రలు వేస్తూ గడిపిన ఒక నగర కార్యాలయ అధికారికి కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది, మిగిలిన కొద్ది నెలల్లో అతను ఒక చిన్న పిల్లల పార్కు కట్టించడానికి పూనుకుంటాడు. మురుగుగుంట పూడ్చమని అర్జీ పట్టుకొచ్చిన తల్లులను ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు, ఆ శాఖ నుంచి మరో శాఖకు తిప్పే దృశ్యం సినిమా ప్రారంభంలోనే వస్తుంది. ఏ ప్రభుత్వ కార్యాలయం చుట్టూ తిరిగినవారికైనా అది వివరించి చెప్పనక్కరలేదు. కథానాయకుడు సినిమా ముగియడానికి చాలాముందే చనిపోతాడు, మిగిలిన కథను అతని సంతాప సభలో కూర్చున్న సహోద్యోగులు తలా ఒక ముక్కగా గుర్తు చేసుకుంటారు. ఆ నిర్మాణం 70 ఏళ్లు దాటినా కొత్తగానే ఉంది.

పోరాటాలు, వేగం ఇష్టపడేవారు ‘సెవెన్ సమురాయ్’తో, తక్కువ నిడివి కావాలనుకునేవారు 88 నిమిషాల ‘రషోమోన్’తో మొదలుపెట్టవచ్చు. ఓజు ‘టోక్యో స్టోరీ’ని మాత్రం రెండు మూడు సినిమాలు చూసి ఆ లయకు అలవాటుపడ్డాక చూడటం మంచిది.

దర్శకుల పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు రాస్తారు?

జపాన్‌లో మన తెలుగువారి పద్ధతిలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత వస్తుంది. ఆంగ్ల పత్రికలు, పోస్టర్లు దాన్ని తిరగేసి రాయడం వల్ల కురొసావా అకిరా కాస్తా అకిరా కురొసావా అయ్యారు. బయట ఆ వరుసే ఎక్కువగా కనబడుతుంది కనుక ఈ పేజీలోనూ అదే పాటించాం. కురొసావా, ఓజు, మిజోగుచి అన్నవి ఇంటిపేర్లు.

## మూకీల నుంచి యుద్ధం దాకా

జపాన్‌లో సినిమా ఎప్పుడు మొదలైంది?

ఒక్కొక్కరే పెట్టెలోకి తొంగి చూసే ఎడిసన్ కైనెటోస్కోప్ యంత్రం 1896లో కోబెకు చేరింది. ఆ మరుసటి ఏడాదే లూమియేర్ సోదరుల యంత్రంతో ఒసాకాలో తెర మీద ప్రదర్శనలు జరిగాయి. ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పురాతన జపనీస్ చిత్రం 1899లో తీసిన ‘మొమిజిగరి’. జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకిలో ఇద్దరు మహానటులు, తొమ్మిదవ దంజురో, ఐదవ కికుగోరో, ఒక నాటకంలోని ఘట్టాన్ని ఆరుబయట కెమెరా ముందు అభినయించారు. జపాన్ ప్రభుత్వం 2009లో ఆ చిత్రానికి ముఖ్య సాంస్కృతిక సంపద హోదా ఇచ్చింది. మొట్టమొదటి పెద్ద స్టూడియో నిక్కత్సు 1912లో ఏర్పడింది, నాటకరంగ సంస్థ అయిన షోచికు 1920లో చిత్రనిర్మాణంలోకి వచ్చింది. రంగస్థలంతో ఈ పేగుబంధం ఎంత గట్టిదంటే, 1920ల ఆరంభం దాకా తెర మీద స్త్రీ పాత్రలను కూడా ఎక్కువగా పురుషులే ధరించేవారు.

బెన్షి అంటే ఎవరు? మూకీ సినిమాకు వ్యాఖ్యాత ఎందుకు?

మూకీ చిత్రం ఆడుతున్నప్పుడు తెర పక్కన నిలబడి కథ చెబుతూ, అన్ని పాత్రల మాటలనూ గొంతు మార్చి పలుకుతూ, మధ్యలో తన వ్యాఖ్యానమూ జోడించే కళాకారుడే బెన్షి. హరికథలో భాగవతార్ ఒక్కడే అన్ని పాత్రలూ తానై కథ నడిపించే తీరును తెర పక్కకు తెచ్చి నిలబెడితే ఆ పాత్ర ఎలాంటిదో మనకు వెంటనే బోధపడుతుంది. జపాన్‌లో తోలుబొమ్మలకూ, నాటకాలకూ పక్కన కూర్చుని కథాగానం చేసే సంప్రదాయం శతాబ్దాలుగా ఉన్నందువల్ల, సినిమాకు కూడా చెప్పేవాడు ఉండాలని ప్రేక్షకులు సహజంగానే ఆశించారు.

బెన్షిలకు తారలతో సమానమైన గుర్తింపు ఉండేది. పోస్టర్ల మీద పేర్లు పడేవి, ఫలానా బెన్షి గొంతు కోసమే ఫలానా థియేటరుకు వెళ్లే అభిమానులుండేవారు. మాట్లాడే సినిమా జపాన్‌లో ఆలస్యంగా పాతుకుపోవడానికి వీరి ఆదరణ కూడా ఒక కారణం. హైనోసుకే గోషో 1931లో తొలి సంపూర్ణ టాకీ తీసిన తరువాత కూడా చాలా ఏళ్లు అక్కడ మూకీలు తయారవుతూనే ఉన్నాయి. టాకీల వల్ల జీవనోపాధి పోతుందని బెన్షిలు సమ్మెలు చేశారు, ఫలితం దక్కలేదు. కురొసావా అన్న హెయిగో కూడా పేరున్న బెన్షి. తమ్ముణ్ణి చిన్ననాటి నుంచి విదేశీ సినిమాలకు, సాహిత్యానికి అలవాటు చేసిన ఆ మనిషి 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఈనాటికీ కొద్దిమంది కళాకారులు పాత మూకీలకు బెన్షి ప్రదర్శనలు ఇస్తున్నారు. అవకాశం దొరికితే వదులుకోకూడదు.

సమురాయ్ (పాతకాలపు కత్తి యోధుల) సినిమాలు క్యోటోలో, కుటుంబ కథలు టోక్యోలో తీసేవారట, నిజమేనా?

చాలావరకు నిజం. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన కాంటో మహాభూకంపం టోక్యోనూ అక్కడి స్టూడియోలనూ ధ్వంసం చేసినప్పుడు నిర్మాణం పెద్ద ఎత్తున క్యోటోకు తరలింది. పాత ఆలయాలు, కోటగోడలు, చెక్క ఇళ్ల వీధులు ఆ నగరంలో సిద్ధంగా ఉండటంతో చారిత్రక కథలకు, అంటే జిదైగెకికి, అదే కేంద్రమైంది. టోక్యో స్టూడియోలు పునర్నిర్మాణం తరువాత సమకాలీన జీవిత కథలైన గెందైగెకి మీద నిలబడ్డాయి. షోచికు కమతా స్టూడియోలో ఉద్యోగులు, విద్యార్థులు, దిగువ మధ్యతరగతి గృహిణులు కథానాయకులైన సినిమాలు వరుసగా వచ్చాయి, ఓజు ఎదిగింది అక్కడే.

1920ల, 30ల సినిమాలు ఎంత వెతికినా ఎందుకు దొరకవు?

వాటిలో అత్యధిక భాగం ఇప్పుడు లేవు. నైట్రేట్ ఫిల్మ్ సులువుగా అంటుకునేది, భూకంపం కొన్నిటిని, యుద్ధకాలపు బాంబుదాడులు మరికొన్నిటిని బూడిద చేశాయి, ఆడటం అయిపోయిన ప్రింట్లను భద్రపరచాలన్న ఆలోచన స్టూడియోలకు ఉండేది కాదు. అప్పుడప్పుడూ అద్భుతాలు కూడా జరిగాయి. తెయినోసుకే కినుగాసా 1926లో మానసిక చికిత్సాలయం నేపథ్యంగా తీసిన ‘ఎ పేజ్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ పోయిందనే అందరూ అనుకున్నారు. 1970ల ఆరంభంలో దర్శకుడి సొంత ఇంటి కొట్టంలోనే అది బయటపడింది. టోక్యోలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఈ వెతుకులాటను, పునరుద్ధరణను కొనసాగిస్తోంది.

యుద్ధం, ఆ తరువాతి అమెరికా ఆక్రమణ సినిమాను ఎలా మార్చాయి?

1939 నాటి సినిమా చట్టం స్క్రిప్టులను చిత్రీకరణకు ముందే ప్రభుత్వ పరిశీలనకు లోబరచింది, దర్శకులకూ నటులకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. యుద్ధంలో ఓడిపోయాక నియంత్రణ చేతులు మారింది. ఆక్రమణ అధికారులు 1945 నవంబర్‌లో 13 నిషిద్ధ అంశాల జాబితా ఇచ్చారు. ప్రతీకారం, ప్రభుభక్తి, సైనికతత్వం వాటిలో ఉన్నందువల్ల సమురాయ్ సినిమాలకు దాదాపు దారి మూసుకుపోయింది. కురొసావా 1945లో తీసిన ‘ది మెన్ హూ ట్రెడ్ ఆన్ ది టైగర్స్ టెయిల్’ 1952 దాకా విడుదల కాలేదు. మరోవైపు కార్మిక సంఘాలకు, స్త్రీల హక్కులకు సంబంధించిన కథలను అధికారులు ప్రోత్సహించారు. అయితే 1948లో తోహో స్టూడియోను సమ్మెచేస్తున్న సిబ్బంది ఆక్రమించినప్పుడు, వారిని ఖాళీ చేయించడానికి పోలీసులతోపాటు అమెరికా సైన్యపు ట్యాంకులు కూడా వచ్చాయి.

## స్వర్ణయుగం

1950లనే స్వర్ణయుగం అని ఎందుకంటారు?

సంఖ్యలూ, నాణ్యతా ఒకే దశాబ్దంలో కలిసొచ్చాయి. 1958లో జపాన్ థియేటర్లలో 112 కోట్లకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. సుమారు 9 కోట్ల జనాభాలో పసిపిల్లలతో సహా లెక్కవేసినా ఒక్కొక్కరు ఏడాదికి 12 సార్లు సినిమాకు వెళ్లారన్నమాట. 1960లో 547 జపనీస్ చిత్రాలు తయారయ్యాయి.

దర్శకులు తయారైన పద్ధతి అంతకన్నా ముఖ్యం. స్టూడియోలో చేరిన యువకుడు ఏళ్ల తరబడి సహాయ దర్శకుడిగా ఒక గురువు దగ్గర పనిచేసి, స్క్రిప్టు రాయడం, ఎడిటింగ్, జనసమూహాలను నడిపించడం అన్నీ నేర్చిన తరువాతే సొంత చిత్రం చేసేవాడు. కురొసావా కజిరో యమమోతో దగ్గర, షోహేయి ఇమమురా ఓజు దగ్గర అలాగే పనిచేశారు. ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, రచయిత, నటులు చిత్రం తరువాత చిత్రానికి అదే బృందంగా కొనసాగేవారు. దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది: 1953లో ఐదు స్టూడియోలు చేసుకున్న ఒప్పందం వల్ల ఒక సంస్థలోని తార, దర్శకుడు మరో సంస్థకు పనిచేసే స్వేచ్ఛ కోల్పోయారు.

‘రషోమోన్’కు అంత పేరెందుకు వచ్చింది?

అడవిలో ఒక సమురాయ్ హత్య జరుగుతుంది. దొంగ, భార్య, ఆత్మలను రప్పించే మంత్రగత్తె ద్వారా మాట్లాడే మృతుని ఆత్మ, కట్టెలు కొట్టేవాడు నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు, ఏది నిజమో సినిమా తేల్చదు. ర్యూనోసుకే అకుతగావా కథలు రెండింటిని కలిపి కురొసావా తీసిన ఈ చిత్రంలో ఛాయాగ్రాహకుడు కజువో మియగావా కెమెరాను నేరుగా సూర్యుడి మీదికి తిప్పాడు. దట్టమైన అడవిలో నటుల ముఖాల మీదికి అద్దాలతో ఎండను మళ్లించాడు. శిథిల ద్వారం దగ్గర కురిసే వాన తెర మీద స్పష్టంగా కనబడటానికి నీళ్లలో నల్ల సిరా కలిపారు.

నిర్మించిన దైయీ సంస్థ అధిపతికే ఇది నచ్చలేదు. ఇటలీకి చెందిన జూలియానా స్ట్రామిజియోలి పట్టుబట్టి సిఫారసు చేయడంతో వెనిస్ చలనచిత్రోత్సవానికి వెళ్లి 1951లో అగ్ర బహుమతి గోల్డెన్ లయన్ గెలుచుకుంది. పోటీకి పంపిన సంగతి కురొసావాకే తెలియదు. జపాన్ ఇంకా పరాయి సైన్యపు పాలనలోనే ఉన్న రోజుల్లో వచ్చిన ఆ బహుమతి ఆ దేశపు సినిమాకు ప్రపంచ ద్వారాలు తెరిచింది. తరువాతి మూడేళ్లలో కెంజి మిజోగుచి వరుసగా వెనిస్‌లో గౌరవాలు అందుకున్నాడు, కినుగాసా ‘గేట్ ఆఫ్ హెల్’ 1954లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో అగ్ర బహుమతి పొందింది.

‘సెవెన్ సమురాయ్’ 207 నిమిషాలు చూడటం అవసరమా?

అవసరమే, ఎందుకంటే ఆ నిడివిలో వృథా ఏమీ లేదు. దోపిడీదొంగల బెడద పడలేక ఒక పల్లె రైతులు తిండి పెట్టడం తప్ప ఇంకేమీ ఇవ్వలేమని చెప్పి ఏడుగురు సమురాయ్‌లను తెచ్చుకుంటారు. మొదటి గంటంతా వారిని వెతికి కూడగట్టడమే. ఆ తరువాత పల్లె పటం గీసి ఎక్కడ కంచె వేయాలి, ఏ పొలానికి నీళ్లు పెట్టి అడ్డుకోవాలి, ఏ ఇళ్లు వదులుకోవాలి అన్నది దర్శకుడు కురొసావా ఓపికగా చూపిస్తాడు కనుక, చివరి యుద్ధంలో ఎవరు ఎక్కడున్నారో మనకు ఒక్క క్షణం కూడా అయోమయం కలగదు. వానలో, బురదలో సాగే ఆ పోరును కురొసావా ఒకేసారి మూడు కెమెరాలతో చిత్రించాడు. చనిపోయే నలుగురు సమురాయ్‌లూ కత్తివేటుకు కాక తుపాకీ గుండ్లకే పడిపోవడం గమనించండి. ఒక యుగం ముగుస్తోందన్న సంగతిని దర్శకుడు ఒక్క సంభాషణ కూడా ఖర్చుపెట్టకుండా చెప్పాడు. మధ్యలో విరామం కార్డు ఉంటుంది, అక్కడ ఆపి మరుసటి రోజు కొనసాగించినా నష్టం లేదు.

ఓజు సినిమాల్లో ఏమీ జరగదు కదా, అంత గొప్పవాడని ఎందుకంటారు?

1953 నాటి ‘టోక్యో స్టోరీ’ని తీసుకుందాం. ఓనోమిచి అనే సముద్రతీర పట్టణం నుంచి వృద్ధ దంపతులు పిల్లలను చూడటానికి టోక్యో వస్తారు. కొడుకు డాక్టరు, కూతురు బ్యూటీ పార్లరు నడుపుతుంది, ఇద్దరికీ తీరిక లేదు. తల్లిదండ్రులను అతామి వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు, అక్కడ రాత్రంతా గోలతో వారికి నిద్ర పట్టదు. యుద్ధంలో చనిపోయిన కొడుకు భార్య నొరికో ఒక్కతే పని మానుకుని వారితో గడుపుతుంది. ఇంటికి తిరిగి వెళ్లిన కొద్ది రోజులకే తల్లి మరణిస్తుంది. కర్మకాండ ముగిసి భోజనం చేస్తుండగానే కూతురు, అమ్మ గుర్తుగా ఫలానా ఓబి నడికట్టు నాకివ్వు అని చెల్లెల్ని అడుగుతుంది. అడిగిన మనిషి దుర్మార్గురాలేమీ కాదు, కొంతసేపటి క్రితమే మనస్ఫూర్తిగా ఏడ్చింది కూడా. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని తీర్పు చెప్పకుండా చూపించడమే ఓజు గొప్పదనం.

ఆయన పద్ధతి బయటికి నిరాడంబరంగా కనబడుతుంది కానీ చాలా కఠినమైనది. కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కళ్ల కన్నా కిందే ఉంటుంది, చివరి చిత్రాల్లో దాదాపు కదలదు, 50 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే వాడతాడు. సన్నివేశానికీ సన్నివేశానికీ నడుమ ఖాళీ వసారా, ఆరేసిన బట్టలు, పొగగొట్టం కనిపిస్తాయి. ఆ క్షణాల్లో జరిగినదాన్ని తలపోసుకునే వ్యవధి మనకు దొరుకుతుంది. పెళ్లి గురించి తీసిన సినిమాలో పెళ్లినే చూపించడు. పెద్ద ఘటనలను వదిలేసి వాటికి అటూ ఇటూ ఉన్న రోజులను చూపిస్తాడు. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక ప్రపంచ దర్శకులను అడిగిన ఓటింగులో ‘టోక్యో స్టోరీ’ మొదటి స్థానంలో నిలిచింది.

మిజోగుచి గురించి తక్కువగా వింటాం, ఆయన ప్రత్యేకత ఏమిటి?

స్త్రీల బాధను ఆయనంత తీవ్రంగా తెరకెక్కించినవారు అరుదు. కుటుంబ పేదరికం వల్ల ఆయన సొంత అక్క గేయిషాగా, అంటే ఆటపాటలతో అతిథులను అలరించే వృత్తిలో, బతకవలసి వచ్చింది. అమ్ముడుపోయే స్త్రీలు, వారి త్యాగం మీద ఎదిగే పురుషులు ఆయన చిత్రాల్లో పదేపదే కనిపిస్తారు. కట్ చేయకుండా సుదీర్ఘమైన షాట్లలో కథ నడపడం ఆయన శైలి. 1953 నాటి ‘ఉగెత్సు’ చివరలో కుమ్మరి గెంజురో ఎన్నాళ్లకో ఇంటికి వస్తాడు. పాడుబడ్డ ఇంట్లోకి వెళ్లి భార్యను పిలుస్తూ వెనుక గుమ్మం గుండా బయటికి పోతాడు, కెమెరా లోపలే ఉండి అతను చుట్టూ తిరిగి వచ్చేదాకా మెల్లగా వెనక్కి మళ్లుతుంది. ఇంతకుముందు చల్లారి ఉన్న పొయ్యి అదే షాట్‌లో వెలుగుతూ ఉంటుంది, పక్కన భార్య కూర్చుని వంట చేస్తుంటుంది. ఆమె అప్పటికే చనిపోయిందని ప్రేక్షకుడికి తెలుసు. ఏ ట్రిక్ ఫొటోగ్రఫీ లేకుండా ఒక్క కెమెరా కదలికతో దయ్యాన్ని చూపించిన ఆ దృశ్యాన్ని మించినది నేను చూడలేదు.

గాడ్జిల్లా పిల్లల సినిమా కదా?

తరువాతి భాగాల్లో కొన్ని పిల్లల కోసమే తీశారు, 1954 నవంబర్ 3న విడుదలైన మొదటి చిత్రం మాత్రం కాదు. ఆ ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష వల్ల ‘దైగో ఫుకుర్యూ మరు’ అనే జపాన్ చేపల పడవలోని 23 మంది రేడియేషన్‌కు గురయ్యారు, వారిలో ఒకరు సెప్టెంబర్‌లో మరణించారు. సినిమా ఒక పడవ మునకతో మొదలవుతుంది. అప్పటి ప్రేక్షకులకు అది దేన్ని గుర్తుచేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. నగరం తగలబడటం, ఆసుపత్రి నేల మీద వరుసగా పడుకోబెట్టిన క్షతగాత్రులు, పిల్ల దగ్గర రేడియేషన్ కొలిచే యంత్రం మోగడం ఇవన్నీ తొమ్మిదేళ్ల కిందటి బాంబుదాడుల జ్ఞాపకాలే. దర్శకుడు ఇషిరో హోండా స్వయంగా యుద్ధంలో సైనికుడు. ప్రత్యేక దృశ్యాల నిపుణుడు ఎయిజి త్సుబురాయా నమూనా నగరం నిర్మించి, గాడ్జిల్లా అనే రాక్షస జంతువుగా బరువైన రబ్బరు దుస్తులు వేసుకున్న నటుడి చేత దాన్ని తొక్కించాడు. ఆ పరంపరలో 2023లో వచ్చిన ‘గాడ్జిల్లా మైనస్ వన్’ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ గెలుచుకుంది.

ఆ రోజుల్లో మహిళా దర్శకులు ఉన్నారా?

అతి తక్కువ మంది. మిజోగుచి దగ్గర సహాయకురాలిగా పనిచేసిన తజుకో సకానే 1936లో కథాచిత్రానికి దర్శకత్వం వహించిన తొలి జపనీస్ మహిళ. మహానటి కినుయో తనకా 1953 నుంచి 1962 మధ్య ఆరు చిత్రాలు తీసింది. తన చిత్రాల్లో ఆమెను ఎన్నోసార్లు కథానాయికగా నిలిపిన మిజోగుచే ఆమె దర్శకత్వాన్ని వ్యతిరేకించాడు. ఆ ఆరు చిత్రాలూ ఇటీవల పునరుద్ధరణ పొంది ప్రపంచమంతటా మళ్లీ ప్రదర్శితమవుతున్నాయి.

## క్షీణత, తిరుగుబాటు

అంత పెద్ద పరిశ్రమ ఎందుకు పడిపోయింది?

ప్రధాన కారణం టెలివిజన్. 1959లో యువరాజు పెళ్లి, 1964లో టోక్యో ఒలింపిక్స్ ఇంటింటికీ టీవీని చేర్చాయి. 1958లో 112 కోట్లు దాటిన టికెట్ల అమ్మకం 1996 నాటికి సుమారు 12 కోట్లకు పడిపోయింది. దైయీ 1971లో దివాలా తీసింది, నిక్కత్సు అదే ఏడాది శృంగార చిత్రాలకు మళ్లింది. ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి దర్శకులను తయారుచేసే స్టూడియో పద్ధతి కూడా దీంతోనే కూలిపోయింది. నా లెక్కలో టికెట్ల నష్టం కన్నా అదే పెద్ద నష్టం. అయితే 2006లో, 21 ఏళ్ల తరువాత, దేశీయ చిత్రాల వసూళ్లు మళ్లీ విదేశీ చిత్రాలను దాటాయి.

జపనీస్ న్యూ వేవ్ అంటే ఏమిటి?

1960 ప్రాంతంలో నగిసా ఓషిమా, ఇమమురా, మసహిరో షినోదా వంటి యువదర్శకులు తమ ముందుతరం ప్రశాంతతను తిరస్కరించి నేరం, లైంగికత, విద్యార్థి ఉద్యమం, సమాజపు అంచుల్లోని మనుషులు వస్తువుగా తీసిన సినిమాల ధోరణి ఇది. ఓషిమా ‘నైట్ అండ్ ఫాగ్ ఇన్ జపాన్’ను షోచికు సంస్థ విడుదలైన కొద్ది రోజులకే థియేటర్ల నుంచి తీసేయడంతో ఆయన స్టూడియో వదిలి స్వతంత్రుడయ్యాడు. హిరోషి తెషిగహారా ‘ఉమన్ ఇన్ ది డ్యూన్స్’ ఈ దశలో కొత్తవారికి ఉత్తమ ప్రవేశం. ఓజు దగ్గర పనిచేసి ఆయన పద్ధతికి పూర్తిగా ఎదురు వెళ్లిన ఇమమురా 1983లో, 1997లో కాన్ అగ్ర బహుమతి అందుకున్నాడు.

కురొసావాకు సొంత దేశంలోనే సినిమాలు దొరకలేదట, నిజమా?

1965లో ‘రెడ్ బియర్డ్’ తరువాత ఆయనకు పెట్టుబడి దొరకడం కష్టమైంది. 1970లో తీసిన ‘దొదెస్కదెన్’ నష్టపోయింది, మరుసటి ఏడాది ఆయన ఆత్మహత్యకు ప్రయత్నించి బతికాడు. ఆ తరువాత సోవియట్ యూనియన్ ఆహ్వానం మీద సైబీరియాలో చిత్రించిన ‘దెర్సు ఉజాలా’కు ఆస్కార్ వచ్చింది. జార్జ్ లూకాస్, ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా అండతో ‘కగెముషా’, ఫ్రెంచి నిర్మాతతో 1985లో ‘రాన్’ తీశాడు. డబ్బు లేని ఏళ్లలో ఆ చిత్రాల దృశ్యాలను రంగుల బొమ్మలుగా గీసుకుంటూ కూర్చున్నాడు. 1998 సెప్టెంబర్‌లో కన్నుమూసే నాటికి ఆయన 30 చిత్రాలకు దర్శకత్వం వహించాడు.

## యానిమేషన్, హారర్, ఇప్పటి సినిమా

యానిమేషన్‌ను జపనీస్ సినిమా చరిత్రలో భాగంగా చూడాలా?

చూడాలి, విడదీసి చూస్తే గత 40 ఏళ్ల చరిత్ర అర్థం కాదు. తోయీ సంస్థ 1958లో జపాన్ తొలి పూర్తి నిడివి రంగుల యానిమేషన్ ‘హకుజాదెన్’ తీసింది. అదే తోయీలో ఉద్యోగులుగా కలుసుకున్న హయావో మియజాకి, ఇసావో తకహతా 1985లో స్టూడియో జిబ్లీ స్థాపనకు కారకులయ్యారు. పాత స్టూడియోలు వదిలేసిన పనిని, అంటే ఒక బృందాన్ని దీర్ఘకాలం పోషించి చేతిపనితనం నిలబెట్టడాన్ని, జిబ్లీ చేపట్టిందని నేననుకుంటాను. మియజాకి చిత్రాల్లో పిల్లలు గదులు తుడవడం, అన్నం తినడం, చెప్పులు తొడుక్కోవడం పూర్తిగా చూపిస్తారు. ఓజులో కనిపించే శ్రద్ధే అది. ‘స్పిరిటెడ్ అవే’ 2002లో బెర్లిన్ అగ్ర బహుమతి, 2003లో ఆస్కార్ గెలిచింది. 2020లో వచ్చిన ‘డీమన్ స్లేయర్: ముగెన్ ట్రెయిన్’ జపాన్‌లో వసూళ్ల రికార్డులన్నిటినీ దాటింది.

జపనీస్ హారర్ ఎందుకంత భయపెడుతుంది?

అది ఉలికిపాటు మీద ఆధారపడదు. హిదెయో నకతా 1998లో తీసిన ‘రింగు’లో భయం వీడియో క్యాసెట్, టెలిఫోను, టీవీ వంటి ఇంటి వస్తువుల్లో ఉంటుంది. పొడవాటి జుట్టు ముఖం కప్పిన తెల్లబట్టల స్త్రీ రూపం శతాబ్దాల నాటి దయ్యం కథల నుంచి, కబుకి నుంచి వచ్చింది. కారణం తెలుసుకుంటే శాపం తొలగిపోతుందన్న నమ్మకాన్ని కూడా ఆ సినిమా నిలబెట్టదు.

ఇప్పుడు చూడదగ్గ దర్శకులు ఎవరు?

హిరోకజు కొరె-ఎదా ‘షాప్‌లిఫ్టర్స్’ 2018లో కాన్‌లో అగ్ర బహుమతి పామ్ డోర్ గెలిచింది. రక్తసంబంధం లేకుండా చిల్లర దొంగతనాలతో బతికే ఒక కుటుంబం కథ అది. ర్యూసుకె హమగుచి ‘డ్రైవ్ మై కార్’ మూడు గంటల చిత్రం, 2022లో ఆస్కార్ పొందింది. కియోషి కురొసావా, నవోమి కవాసే కూడా తప్పక చూడదగినవారు. ఇంటి వంటగదిలో జరిగే సంభాషణలు ఇష్టపడేవారికి కొరె-ఎదా ‘స్టిల్ వాకింగ్’ అన్నిటికన్నా ముందు సూచిస్తాను.

## చూసేటప్పుడు, మన దగ్గర

డబ్బింగ్ చూడాలా, సబ్‌టైటిల్స్‌తో చూడాలా?

నటులు కనిపించే చిత్రాలను జపనీస్ గొంతులతోనే చూడండి. ఎవరు ఎవరిని ఏ మర్యాదతో పలకరిస్తున్నారన్నది భాష రాకపోయినా స్వరంలో, తల వంచే తీరులో తెలిసిపోతుంది, డబ్బింగ్‌లో అది పోతుంది. పిల్లలతో చూసే యానిమేషన్‌కు తెలుగు డబ్బింగ్ ఉంటే దాన్నే వాడుకోవచ్చు.

జపనీస్ సినిమా ప్రభావం బయట ఎక్కడ కనిపిస్తుంది?

‘సెవెన్ సమురాయ్’ను హాలీవుడ్ 1960లో ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’గా తీసింది, మన ‘షోలే’ వెనుకా దాని నీడ ఉంది. కురొసావా ‘యోజింబో’ను అనుమతి లేకుండా ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’గా తీసినందుకు తోహో దావా వేసి పరిహారం పొందింది. లూకాస్ ‘స్టార్ వార్స్’కు కురొసావా ‘ది హిడెన్ ఫోర్ట్రెస్’ ప్రేరణ. తమిళంలో 1954లో వచ్చిన ‘అంద నాళ్’ను తీయడానికి ఎస్. బాలచందర్‌కు ‘రషోమోన్’ ప్రేరణనిచ్చింది.

జపాన్‌వారు రామాయణం తీశారట, అది తెలుగులో ఉందా?

ఉంది. యుగో సాకో సంకల్పంతో, కొయిచి ససాకి, రామ్ మోహన్‌ల దర్శకత్వ సహకారంతో రెండు దేశాల కళాకారులు కలిసి చేసిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1990ల ఆరంభంలో పూర్తయినా మన థియేటర్లలో అప్పట్లో విడుదలకు నోచుకోలేదు. 2025 జనవరిలో తెలుగుతో సహా పలు భాషల్లో విడుదలైంది. చేత్తో గీసిన అడవులు, సముద్రం చూడటానికైనా పెద్ద తెర మీద చూడవలసిన చిత్రం.

తెలుగు సినిమాలను జపాన్‌లో నిజంగానే చూస్తారా?

చూస్తారు, ఎంతో ఇష్టంగా చూస్తారు. 1998లో అక్కడ విడుదలైన రజనీకాంత్ ‘ముత్తు’ భారతీయ సినిమాకు దారి వేసింది. 2017 చివరలో విడుదలైన ‘బాహుబలి 2’కు ప్రేక్షకులు పాత్రల వేషాలు వేసుకొచ్చి, గంజిరాలు మోగిస్తూ, కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలు జరిగాయి. 2022 అక్టోబర్ 21న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ 200 కోట్ల యెన్‌కు పైగా వసూలు చేసి, అక్కడ ‘ముత్తు’ రికార్డును దాటిన భారతీయ చిత్రమైంది. స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకరజుకా నాటక సంస్థ 2024లో దాన్ని రంగస్థలానికి తెచ్చింది.

పిల్లలతో కలిసి ఏవి చూడవచ్చు?

‘మై నెయిబర్ టొటోరో’, ‘కికీస్ డెలివరీ సర్వీస్’ నిస్సంకోచంగా చూడవచ్చు. ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ కూడా బొమ్మల సినిమాయే కదా అని చిన్నపిల్లలకు పెట్టవద్దు; 1945లో కోబె మీద బాంబులు పడ్డాక తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో అలమటించే కథ అది. ఈ చిత్రమూ ‘టొటోరో’ 1988 ఏప్రిల్ 16న ఒకే టికెట్టు మీద జంటగా విడుదలయ్యాయి. మీ ఇంట్లో మాత్రం ఆ రెండింటి మధ్య కొన్నేళ్ల దూరం ఉంచండి.